అరుగు చెక్కు చెదరలేదు

నందిగామలో మా ఇంటి ముందు ఒక వేపచెట్టు ఉంది. దాని మొదట్లో ఎవరైనా ఇటుకరాయి వేసుకుని కూర్చోబోతే నేను లేచి వెళ్ళి ఆ ఇటుక తీసేస్తాను. కుర్చీ కావాలంటే ఇంట్లోంచి తెచ్చి వేస్తాను, టీ కూడా ఇప్పిస్తాను. చెట్టు మొదట్లో మాత్రం రాయి, కంకర, మట్టికుప్ప ఏదీ ఉండడానికి వీల్లేదు. వీధిలో వాళ్ళు నన్ను చాదస్తుల లెక్కలో ఎప్పుడో వేసేశారు. "రిటైరయ్యాక పనేం లేక చెట్టుకి కాపలా కాస్తున్నారు" అని మా ఆవిడ కూడా వాళ్ళతో కలిసి నవ్వుతుంది. నవ్వనీండి.

ఈ మధ్య పార్కుల్లో, కంపెనీ కాలనీల్లో తోటపనికి కొత్తగా చేరిన పిల్లలు కొందరు నాకు ఫోన్లు చేస్తున్నారు. బంగాళాఖాతంలో వాయుగుండం అని టీవీలో చెప్పగానే నా ఫోను మోగుతుంది. "చెట్లు పడకుండా ఏం చేయాలండి?" అంటారు. తెలిసింది చెప్తాను. లోపలి కొమ్మలు పలచన చేసి గాలికి దారి ఇవ్వండి, అంతేగాని మొత్తం బోడిగుండు కొట్టకండి. ఎండిన కొమ్మ ఒక్కటి కూడా పైన ఉంచకండి. లేత చెట్టుకి ఊతం కట్టాల్సి వస్తే ఇనప తీగ వాడకండి, వెడల్పాటి గుడ్డ పట్టీ వాడండి, కాస్త ఊగనివ్వండి. ఇంతవరకు ఎవరైనా చెప్తారు. నేను చేసిన తప్పు మాత్రం నేనే చెప్పాలి. అది ఫోనులో చెప్పే సంగతి కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

జగ్గయ్యపేట వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీ కాలనీలో నా ఉద్యోగమంతా గడిచింది. మాలీగా చేరి గార్డెన్ సూపర్‌వైజరుగా దిగిపోయాను. ఆ చుట్టుపక్కల అలాంటి కాలనీలు చాలానే ఉన్నాయి కాబట్టి ఏ కాలనీ అని అడగకండి.

సిమెంటు మధ్య బతికేవాళ్ళకి ఒక జబ్బు ఉంటుంది. ఏ ఇబ్బంది వచ్చినా కాస్త సిమెంటు పోస్తే సర్దుకుంటుందనుకుంటాం. ప్యాకింగ్ ప్లాంటులో చిరిగిన బస్తాల సిమెంటూ, నేల మీద ఊడ్చిన సిమెంటూ కాలనీ పనులకి ఇచ్చేవారు. దాంతో మా కాలనీలో బట్టలుతికే బండ, నీళ్ళతొట్టి, తులసికోట, కోళ్ళగూడు, ఆఖరికి వీధికుక్క నీళ్ళు తాగే గిన్నె కూడా సిమెంటుదే. ఒకాయన ఇంట్లో టీవీ పెట్టుకోవడానికి సిమెంటు బల్ల పోయించుకున్నాడు. బదిలీ అయినప్పుడు దాన్ని తీసుకెళ్ళలేక, వదల్లేక రెండు రోజులు దిగాలుగా తిరిగాడు.

నేను సూపర్‌వైజరు అయిన కొత్తలో ఎండాకాలం చివర ఒక గాలివాన వచ్చింది. కాలనీ రోడ్డు మీద రెండు లేత చెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ మర్నాడు పెద్దసారు కారు దిగి ఆ చెట్ల వంక చూసి, నా వంక చూసి, "ఇంకోసారి ఇలా పడితే?" అన్నాడు. కొత్త పదవి, కొత్త చొక్కా. "పడవండి" అన్నాను.

అనేశాక ఏం చేయాలో ఆలోచించాను. ఆ కాలనీ మనిషికి ఏం తడుతుంది? సిమెంటే తట్టింది. రోడ్డు పక్కనా, ఆఫీసుల ముందూ ఉన్న పన్నెండు చెట్లకి మొదలు చుట్టూ మోకాలెత్తు గోడ కట్టించి, లోపల మట్టి నింపి, పైన గట్టిగా సిమెంటు పోయించాను. చెట్టుకి ఒరుసుకుంటూ, కొంచెం సందు మాత్రం వదిలి. మనిషిని నడుం పట్టుకుని నిలబెట్టినట్టు ఉంటుంది, ఇక ఏ గాలీ కదపలేదనుకున్నాను. ఆఖరి అరుగు పిల్లల హాలు ముందు ఉన్న పెద్ద నిద్రగన్నేరుది. అది పూర్తయిన సాయంత్రం తడి సిమెంటు మీద మేకుతో నా పొడి అక్షరాలు కూడా గీశాను. ఇప్పుడు తల్చుకుంటే చేతులు కట్టేసుకోవాలనిపిస్తుంది.

కానీ అప్పుడు నన్ను మెచ్చుకోని వాళ్ళు లేరు. అరుగులు చల్లగా ఉండేవి. షిఫ్టు దిగినవాళ్ళు వాటి మీద పేకాడుకునేవాళ్ళు. ఆడవాళ్ళు కూరలు తరుక్కునేవాళ్ళు. యూనియన్ వాళ్ళు మీటింగులు పెట్టుకునేవాళ్ళు. పక్క కాలనీల వాళ్ళు వచ్చి కొలతలు రాసుకుపోయారు. తోటకి ప్రైజు కింద ఒక షీల్డు కూడా ఇచ్చారు. నాకు "అరుగుల సారు" అని పేరు పడిపోయింది. నా అసలు పేరు సగం మందికి తెలియదు.

చెట్లు మాత్రం చెప్తూనే ఉన్నాయి. ఆకు ఏడాదికేడాదికి చిన్నదైంది. పై కొమ్మలు ఎండిపోతే సున్నపు దుమ్ము వల్ల అనుకున్నాను. వానలు పడ్డప్పుడు అరుగుకీ మానుకీ మధ్య సందులో పుట్టగొడుగులు మొలిస్తే, చూడ్డానికి బాగాలేదని చెప్పుతో తన్నేసేవాణ్ణి. కొన్నాళ్ళకి చెట్లు లావెక్కి ఆ సందు కూడా పూడిపోయింది. తోటపని ఆడవాళ్ళు పొద్దున్నే పైపు పట్టుకుని నీళ్ళు పెట్టేవాళ్ళు. ఆ నీళ్ళు అరుగు మీంచి జారి రోడ్డు మీదకి పోయేవి. అంటే ఇరవై ఏళ్ళ పాటు మేము శ్రద్ధగా అరుగులకి నీళ్ళు పోశామన్నమాట.

ఇక రిటైర్‌మెంటుకి కొద్ది నెలలుందనగా ఆ తుఫాను వచ్చింది. మాది సముద్రానికి దూరంగా ఉన్న మెట్ట ప్రాంతం. మామూలుగా తుఫాను మా దాకా వచ్చేసరికి వానగా మిగులుతుంది. ఈసారి గాలి కూడా గట్టిగానే ఉంటుందని, మర్నాడు మధ్యాహ్నం నుంచి జాగ్రత్తగా ఉండాలని ఆఫీసుకి కబురొచ్చింది. కాలనీ వెనక రేకుల షెడ్లలో ఉండే కాంట్రాక్టు కూలీల కుటుంబాలని పిల్లల హాల్లోకి మార్చాలని నిర్ణయించారు. పనికొచ్చే ఆడవాళ్ళు పిల్లల్ని వదిలి వెళ్ళే హాలు అది. గోడలు ఇటుకవి, పైకప్పు సిమెంటు రేకులది. కాలనీలో ఖాళీగా ఉన్న పెద్ద గది అదొక్కటే. దాని మీదకి వాలి ఉన్నదే నా పొడి అక్షరాల నిద్రగన్నేరు.

ఆ కబురొచ్చిన రోజే, పదింటి వేళ, స్టోర్సు ముందున్న కానుగచెట్టు పడిపోయింది. తుఫాను ఇంకా రాలేదు. ఆరేసిన చొక్కా కూడా ఎగరనంత గాలి. నేను పరిగెత్తుకు వెళ్ళాను. వేళ్ళు పైకి లేవలేదు. అరుగు పైఅంచు దగ్గర, కత్తితో కోసినట్టు విరిగి పడింది. వంగి చూశాను. సిమెంటు పట్టుకున్న మేర బెరడు నల్లబడి ఉంది. లోపలి చెక్క వేలితో గిల్లితే ఊడి వస్తోంది. మట్టి కప్పి, పైన సిమెంటు బిగించి, ఆ మొదలుకి గాలి ఆడకుండా ఇరవై ఏళ్ళు ఉంచింది నేనే. నిలబెడదామని కట్టిన అరుగే దాన్ని అక్కడ కుళ్ళబెట్టింది. అర్థం కావడానికి నాకు ఒక్క నిమిషం కూడా పట్టలేదు. అలాంటి అరుగులు ఇంకా పదకొండు ఉన్నాయి.

అడ్మిన్ ఆఫీసరు వచ్చాడు. నాకంటే పదిహేనేళ్ళు చిన్న, మనిషి మంచివాడు, కాస్త కంగారు ఎక్కువ.

"ఏమైందండీ దీనికి?" అన్నాడు.

"చెదలండి" అన్నాను.

చూడండి, నేను ఆలోచించి చెప్పిన అబద్ధం కాదది. నోట్లోంచి దానంతటదే వచ్చింది. షీల్డు, పేరు, ఇంకొన్ని నెలల్లో మెళ్ళో పడబోయే దండ, అన్నీ కలిసి నా చేత ఆ మాట అనిపించాయి. ఆయన "చెదలా" అని తలాడించి వెళ్ళిపోయాడు. ఆ మాట సాయంత్రానికి కాలనీ అంతా పాకింది. ఇంటికెళ్ళాక అన్నం సహించలేదు. పెద్ద చెట్లు గట్టివి, కానుగ బక్కది కాబట్టి పడిందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మా ఆవిడ "ఒంట్లో బాగాలేదా?" అని అడిగితే ఆవిడ మీద కసురుకున్నాను.

మర్నాడు తెల్లారేసరికి చెట్లెక్కే అతన్ని పిలిపించాను. చందర్లపాడు వైపు మనిషి. మా కాలనీ చెట్ల కొమ్మలు ఏళ్ళ తరబడి అతనే కొట్టేవాడు. మాట తక్కువ. ఏ చెట్టు ఎక్కబోయినా ముందు మానుని అరచేత్తో రెండు దెబ్బలు చరిచి, చెవి ఆనించి వినేవాడు. ఆ తర్వాత మోకు నడుముకి కట్టుకుని, రెండో కొస నాకిచ్చేవాడు. పైన అతను, కింద మోకు పట్టుకుని నేను. ఆ మోకు ఇంకెవరి చేతికీ ఇచ్చేవాడు కాదు.

ఆ పొద్దున ఆఫీసు ముందు రెండు చెట్లు ఎక్కించాను. రెంటికీ అరుగులున్నాయి. నాకు సంగతి తెలుసు, అతనికి తెలియదు. అతను పైన కొమ్మ మారినప్పుడల్లా నా అరచేతులు మోకు మీద జారిపోయేంతగా చెమట పట్టాయి. అయినా నోరు మెదపలేదు. ఈ ముక్క రాయడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది. కానీ ఇది రాయకపోతే మిగతాదంతా రాసి లాభం లేదు.

పదకొండు దాటాక పిల్లల హాలు దగ్గరికి వచ్చాం. ఆకాశం బూడిదరంగుకి తిరిగింది. రేకుల షెడ్లవాళ్ళు చాపలు, గిన్నెలు, కోళ్ళగంపలు పట్టుకుని అప్పటికే హాల్లోకి చేరుతున్నారు. ప్యాకింగ్ ప్లాంటులో ఊడ్చే పనిచేసే ఒకమ్మాయి నెలల పాపతో వచ్చి, వెలుతురుంటుందని చెట్టు వైపు కిటికీ కింద చాప పరుచుకుంది. నన్ను చూసి కిటికీలోంచి అడిగింది.

"సారూ, ఈ చెట్టు ఏమన్నా మీద పడిద్దా?"

"ఇరవై ఏళ్ళ అరుగమ్మా. కదలదు" అన్నాను.

అంటే రెండో అబద్ధం. మొదటిది తెలియకుండా నోరు జారింది. దీనికి ఆ సాకు కూడా లేదు.

చెట్లెక్కే అతను చెప్పులు విప్పి అరుగెక్కాడు. మానుని చరిచాడు. చెవి ఆనించాడు. మళ్ళీ చరిచాడు.

"కింద గుల్లగా పలుకుతుందండి" అన్నాడు. "నిన్న కానుగకి చెదలన్నారు గదా, దీనికీ పట్టుంటాయి. చెదలైతే పైపైనే లెండి, లోపల చేవ గట్టిగానే ఉంటది."

అని, మోకు కొస నా చేతికిచ్చి, ఎడమకాలు మాను మీద పెట్టాడు.

నా అబద్ధాన్ని నమ్ముకుని ఎక్కుతున్నాడు. చెదలని నేను అనకపోతే ఆ చప్పుడు విన్నాక అతను ఆ చెట్టు ముట్టుకునేవాడే కాదు. చేతిలో మోకు ఉంది. కిటికీ అవతల పాప ఏడుస్తోంది. ఇంకో క్షణం ఊరుకుంటే అతను నా తల కంటే పైన ఉంటాడు.

"ఆగు. దిగు" అన్నాను. "చెదలు కాదు."

అతను కాలు దించాడు. నేను చెప్పాను. కానుగ ఎక్కడ విరిగిందో, ఎందుకు విరిగిందో, నిన్న పొద్దుటి నుంచి నాకు తెలుసన్న సంగతి, అన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాను. 

"పొద్దున రెండెక్కాను గదండి" అన్నాడు.

అంతే. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

నాకు ఒళ్ళు తెలియలేదు. తోటపని ఆడవాళ్ళని గునపాలు తెమ్మని కేకేసి, అరుగంతా ఇప్పుడే పగలగొట్టేద్దామన్నాను. తప్పు చేసినవాడికి దాన్ని తుడిచెయ్యాలన్న తొందర ఒకటి ఉంటుంది. అది ఇంకో తప్పు చేయిస్తుంది. అతను నా చేతిలో గునపం పట్టుకుని ఆపాడు.

"ఇప్పుడు పగలగొడితే దాన్ని పట్టుకున్న ఆ కాస్తా పోద్దండి. గాలి రాకముందే పడిద్ది. ఓ పక్క చిన్న బొక్క పెట్టి లోపల ఎలా ఉందో చూద్దాం, చాలు."

ఉలీ సుత్తీ తెప్పించి, చెయ్యి పట్టేంత కన్నం చేయించాం. మట్టి తోడి లోపలికి చెయ్యి పెట్టాను. బెరడు ఉండాల్సిన చోట తడిసిన అట్టముక్కలాంటిది వేళ్ళకి తగిలింది. నొక్కితే వేళ్ళు దిగిపోయాయి. అటూ ఇటూ తడిమాను, అందినంత మేరా అంతే. ఇంత పెద్ద చెట్టు ఎలా నిలబడి ఉందో ఆ దేవుడికే తెలియాలి. అతను కూడా చెయ్యి పెట్టి చూసి, కుళాయి దగ్గర కడుక్కుని వచ్చాడు.

"దీన్నెవరూ ఎక్కకూడదు. కొట్టడానికి టైము లేదు. ముందు మనుషుల్ని తీయించండి."

అడ్మిన్ ఆఫీసు దాకా నడిచాను. పరిగెత్తానని రాస్తే బాగుంటుంది గాని, నిజానికి కాళ్ళు ఈడ్చుకుంటూ నడిచాను. ఆయన ఫోనులో ఉన్నాడు. పెట్టేసే దాకా నిలబడి, "హాలు ఖాళీ చేయించాలండి. నిద్రగన్నేరు మొదలు కుళ్ళిపోయింది" అన్నాను.

"కుళ్ళిందా? మరి నిన్న చెదలన్నారు?"

"అబద్ధం చెప్పానండి. నేను కట్టించిన అరుగుల వల్లే కుళ్ళింది. అన్నిటికీ అదే భయం ఉంది."

ఆయన పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీశాడు. వెనక బీరువా మీద నా షీల్డు మెరుస్తోంది. ఎవరు తుడిచేవాళ్ళో, ఎప్పుడూ మెరుస్తూనే ఉండేది.

"ఇరవై ఏళ్ళ నుంచి మా అందర్నీ దాని మీద కూర్చోబెడుతున్నారు గదండీ" అన్నాడు. వెంటనే లేచి నిలబడ్డాడు. "సరే. తుఫాను పోయాక మాట్లాడుకుందాం. క్యాంటీను హాలుకి స్లాబు ఉంది. వాళ్ళతో నేను చెప్తా. మీరెళ్ళి జనాన్ని లేపండి. మిగతా అరుగుల దగ్గరికి ఎవర్నీ పోనివ్వకండి."

కంగారు మనిషి అన్నాను కదా. ఆ రోజు మాత్రం కంగారు పడింది నేనే, ఆయన కాదు. చిన్నవాడైనా ఆ మధ్యాహ్నం ఆయన ముందు నేను చెయ్యెత్తి నమస్కారం పెట్టి బయటికొచ్చాను.

నేను హాలు చేరేసరికి వాన మొదలైంది. అప్పటికే అన్నాలు వండుకుంటున్నవాళ్ళు, పడుకున్నవాళ్ళు, కోళ్ళని మూలకి కట్టేసుకున్నవాళ్ళు. మళ్ళీ సామాను ఎత్తమంటే ఎవరు వింటారు? ఒకాయన "పొద్దున ఇటు రమ్మంది మీరే, ఇప్పుడు అటు పొమ్మనేదీ మీరే. మేమేమన్నా పేకముక్కలమా?" అన్నాడు. అందరికంటే ఎక్కువ కోపం ఆ పాప తల్లికొచ్చింది. పాప అప్పుడే నిద్రపోయిందట.

"కదలదన్నారు గదా సారూ. మీ నోటితోనే అన్నారు. ఇప్పుడీ వానలో పసిదాన్ని ఏసుకుని ఎక్కడికి పొమ్మంటారు?"

"అప్పుడు అబద్ధం చెప్పానమ్మా. చెట్టు పడిద్ది. లే" అన్నాను.

ఆ మాటకి లేచింది. లేచి, పాపని కొంగులో చుట్టుకుని, క్యాంటీను దాకా ఆ వానలో నన్ను తిడుతూనే నడిచింది. నోట్లో మన్ను పడాలంది, చేతులు విరగాలంది, ఇంకా కొన్ని అంది, అవి ఇక్కడ రాయను. నేను ఆమె చాపా, గిన్నెలూ మోసుకుంటూ వెనక నడిచాను. నా రెండో చేతిలో ఎవరిదో కోళ్ళగంప ఉంది. చెట్లెక్కే అతను ఇద్దరు ముసలివాళ్ళని చెరో రెక్కా పట్టుకుని తీసుకొచ్చాడు. ఆఖరి మనిషి బయటికొచ్చాక హాలుకి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని, జేబు పట్టుకునే క్యాంటీనుకి వెళ్ళాను.

గాలి మూడింటికి పెరిగింది. క్యాంటీను వాళ్ళు కోళ్ళని చూసి గొణిగారు గాని అందరికీ వేడి టీ పోశారు. కిటికీలు టకటకా కొట్టుకుంటున్నాయి. నేను గుమ్మం దగ్గర నిలబడి హాలు వైపే చూస్తున్నాను. వానలో ఏమీ కనిపించడం లేదు. నిజం చెప్తున్నాను, ఆ నిలబడ్డ గంటన్నరలో ఒక పాడు ఆలోచన కూడా వచ్చింది. ఆ చెట్టు పడకపోతే? వీళ్ళందర్నీ వానలో తడిపి, నా పరువు నేనే తీసుకుని, అది నిక్షేపంగా నిలబడి ఉంటే? మనిషి బుద్ధి ఎంత నీచానికైనా దిగుతుందనడానికి నేనే సాక్ష్యం.

నాలుగున్నర ప్రాంతంలో పెద్ద టార్పాలిను చింపినట్టు ఒక చప్పుడు సాగింది. తర్వాత కాళ్ళ కింద గచ్చు అదిరింది. వెనకాల రేకులు పగిలిన చప్పుడు. 

"అదే" అన్నాడు చెట్లెక్కే అతను.

టీ గిన్నెల పక్కన గచ్చు మీద కూలబడ్డాను. చుట్టూ చూశాను. ముసలివాళ్ళిద్దరూ గోడకి ఆనుకుని ఉన్నారు. కోళ్ళు గంపలో ఉన్నాయి. ఆ పాప తల్లి ఒళ్ళో పాలు తాగుతోంది. అందరూ ఉన్నారు, ఒక్కరు కూడా తక్కువ కాలేదు. నేను ఏడ్చాను. దాచుకోవాలని కూడా అనిపించలేదు. అంత తేలిగ్గా నా గుండె అంతకు ముందెప్పుడూ లేదు, ఆ తర్వాత కూడా లేదు. చెట్లెక్కే అతను వచ్చి, తన గ్లాసులో టీ సగం నా గ్లాసులో పోసి, పక్కన కూర్చున్నాడు.

మర్నాడు తెరిపిచ్చాక వెళ్ళి చూశాం. చెట్టు హాలుకి అడ్డంగా పడి ఉంది. చెట్టు వైపు గోడ లేదు. రేకులు పొడిపొడిగా నేలంతా పరుచుకున్నాయి. కిటికీ ఉన్న చోట, ఆ చాప పరిచిన చోట, నా నడుమంత లావు కొమ్మ దిగబడి ఉంది. ఆ కొమ్మ వంక చూసి వెంటనే తల తిప్పేసుకున్నాను.

అరుగు మాత్రం చెక్కు చెదరలేదు. మేము పెట్టిన కన్నం తప్ప దాని మీద చిన్న బీట కూడా లేదు. మధ్యలో చెట్టు ఉండాల్సిన చోట నల్లటి గుంట, పక్కనే వాన నీళ్ళకి కడిగినట్టు తేటగా నా పొడి అక్షరాలు. జనం గుమిగూడారు. పేకాడేవాళ్ళలో ఒకాయన అలవాటు కొద్దీ దాని మీద కూర్చోబోయి, గుర్తొచ్చి లేచాడు.

"అరుగు మటుకు గట్టిగా కట్టారండి" అన్నాడు చెట్లెక్కే అతను. మొహంలో నవ్వు లేదు. అందుకే పక్కనున్న వాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను.

మిగిలిన పది చెట్ల అరుగులూ నేను దిగిపోయేలోపు తీయించాను. మిషన్లు పెట్టనివ్వలేదు, ఆ అదురుకి మిగిలిన వేళ్ళు కూడా పాడవుతాయని. రాళ్ళు కొట్టేవాళ్ళు ఉలితో, సుత్తితో ముక్క ముక్క తీశారు. ముందు పైన కొమ్మలు తేలిక చేయడం, తర్వాత సిమెంటు, తర్వాత చేత్తో మట్టి, నేలలోకి వేళ్ళు విచ్చుకునే చోటు కళ్ళకి కనపడే దాకా. పిల్లలూ, మీరు తెలుసుకోవాల్సింది ఆ ఒక్కటే. చెట్టు మొదలు కళ్ళకి కనపడుతూ ఉండాలి. రెండు చెట్లు అప్పటికే పోయాయి, జాగ్రత్తగా కొట్టించేశాం. ఎనిమిది బతికాయి. ఇప్పటికీ ఉన్నాయి. రెండేళ్ళకి ఆకు మళ్ళీ అరచెయ్యంత అయిందని చెట్లెక్కే అతను ఫోన్ చేసి చెప్పాడు. మాట తక్కువ మనిషి ఫోన్ చేశాడంటే నాకు పండగే. పేకాడేవాళ్ళు నేను దిగిపోయే దాకా నన్ను సాధించారు. ఆఖరికి కంపెనీయే వాళ్ళ కోసం నాలుగు చెక్క బెంచీలు వేయించింది.

అడ్మిన్ ఆఫీసరు నా మీద కాగితం ఏదీ పెట్టలేదు. "మీరు చెప్పకపోతే పెట్టేవాణ్ణి" అన్నాడు. "షీల్డు తీసుకుపోతారా?" అని కూడా అడిగాడు. వద్దన్నాను. అది ఇప్పటికీ ఆ బీరువా మీదే ఉందట. తుడుస్తూనే ఉన్నారట.

నా రిటైర్‌మెంటు రోజున క్యాంటీను హాల్లోనే భోజనాలు పెట్టారు. దండలూ, శాలువాలూ అయ్యాక ఆ పాప తల్లి వచ్చింది. పాప కాస్త పెరిగింది, మెడ నిలబెట్టి అందర్నీ చూస్తోంది. ఆ తుఫాను తర్వాత ఆమె నాతో మాట్లాడడం అదే మొదలు.

"ఆ రోజు మిమ్మల్ని శానా తిట్టాను సారూ" అంది.

"ఇప్పుడు వెనక్కి తీసుకుంటావా?" అన్నాను.

ఆమె కాసేపు ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది.

"ఎందుకు తీసుకుంటాను? పొద్దున్నే చెప్పుంటే తడవకుండా పోయేవాళ్ళం గదా. దీనికి వారం రోజులు జలుబు. అవి మీయే, ఉంచుకోండి."

అని, పాపని నా చేతుల్లో పెట్టి, పళ్ళెం తీసుకుని భోజనాల లైన్లోకి వెళ్ళిపోయింది. పాప నా కళ్ళజోడు పట్టుకుని లాగింది. నేను కదలకుండా నిలబడ్డాను.

ఉంచుకున్నాను.